అతుకుల మేస్త్రి

ఆ మూడంతస్తుల క్వార్టర్లలో కారే గిన్నె ఏదీ రెండు రోజులకి మించి కారేది కాదు. కెటిల్ కొమ్ము ఊడినా, పాలగిన్నె అడుగు చిల్లుపడినా, నీళ్ళ డబ్బా అంచు విచ్చుకున్నా, ఎవరో ఒకరు దాన్ని చంకన పెట్టుకుని రెండో అంతస్తు చివరి తలుపు తట్టేవాళ్ళు. "మేస్త్రిగారూ, దీని సంగతి కాస్త చూద్దురూ" అనేవాళ్ళు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, గిన్నెని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చిల్లులోంచి ఆకాశం చూసేవాడు. "రేపు సాయంత్రం రండి. ఒట్టి చేతులతో రండి. ఏమైనా తెచ్చారంటే గిన్నె ఇవ్వను" అనేవాడు.

ఆయన అసలు పేరు పింఛను కాగితాల మీద ఉంది. మనుషుల నోట్లో మాత్రం అతుకుల మేస్త్రి. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ శాఖలో నేల కింది కేబుళ్ళు అతికిన మనిషి. ఇప్పటివాళ్ళకి చెబితే వింతగా ఉంటుంది గానీ, ఒకప్పుడు మాట తీగలో నడిచేది. వందల జతల తీగలకి కాగితం చుట్టి, కట్టగట్టి, పైన సీసపు తొడుగు వేసి మట్టిలో పరిచేవాళ్ళు. ఎక్కడ చుక్క తడి దిగినా వీధి వీధంతా మూగబోయేది. అప్పుడు రోడ్డు మధ్యన ఇనప మూత లేపి, చుట్టూ ఎర్రగుడ్డ కట్టి, నలుగురు మనుషులు గోతిలోకి దిగేవాళ్ళు.

ముందు సీసపు తొడుగుని గీకుడు కత్తితో మెరుపు వచ్చేదాకా గీకాలి. బూడిదరంగు పొట్టు రాలి మోకాళ్ళ మీద, జుట్టులో, కాలర్ లోపల పడేది. తర్వాత ఒక్కో జత తీగనీ మెలిపెట్టి, ఒక్కో మెలికకీ సన్నటి కాగితపు గొట్టం తొడగాలి. రెండు చేతులూ తీగల మీద ఉంటే గొట్టాలు పట్టుకునే మూడో చెయ్యి ఏదీ? అందుకని పదో పన్నెండో పెదాల మధ్య కరిచిపట్టుకునేవాళ్ళు. నోటితో ఒకటి అందించుకోవడం, తొడగడం, మళ్ళీ ఒకటి అందించుకోవడం. కేబుల్ పనివాళ్ళు గంభీరమైన మనుషులని జనం అనుకునేవాళ్ళు. గంభీరమూ లేదు, పాడూ లేదు. నోటినిండా గొట్టాలు. ఆ జట్టులో ఒక్క రేడియో మాత్రం గొట్టాలు కరిచిపట్టుకుని కూడా పెళ్ళాం మీద, పై ఆఫీసరు మీద, వాతావరణం మీద మాట్లాడుతూ ఉండేవాడు. అందుకే అతనికి రేడియో అని పేరు.

చివరి పని తుడుపు. అది మేస్త్రి ఒక్కడిదే. రెండు పాళ్ళు సీసం, ఒక పాలు తగరం కుండలో కరిగించి, మడిచిన కాగితం ముంచి చూసేవాడు. కాగితం భగ్గుమంటే వేడి ఎక్కువ, గోధుమరంగుకి తిరిగితే సరి. గరిటెతో ఆ ద్రవాన్ని అతుకు మీద పోస్తూ, కింద కొవ్వు పూసిన మందపాటి గుడ్డ పట్టి, అది జారిపోయేలోపే చుట్టూ తిప్పి తుడవాలి. గరిటె ఒక చేతిలో, గుడ్డ ఒక చేతిలో, ఊపిరి ఎక్కడో. అయ్యాక చూస్తే కోడిగుడ్డంత నునుపు. ఎక్కడా గీత ఉండేది కాదు, బుడగ ఉండేది కాదు. ఉత్తరం మీది చేతిరాతని పోల్చినట్టు, పదేళ్ళ తర్వాత ఆ గోతిలోకి దిగినవాడు కూడా అతుకు చూడగానే, "ఇది మన మేస్త్రిది" అనేవాడు.

ఆ తర్వాత ఆయనకి ఇష్టమైన ఘడియ వచ్చేది. పరీక్ష ఫోన్ తీగకి తగిలించి నంబరు తిప్పేవాడు. నాలుగు రోజులుగా చచ్చిపోయి ఉన్న ఫోన్ ఏదో ఇంట్లో ఒక్కసారిగా మోగేది. అవతల ఎవరో పరుగెత్తుకొచ్చి, ఆయాసంతో, "హలో! హలో! వచ్చిందే, ఫోన్ వచ్చిందే!" అని ఇంట్లోవాళ్ళని కేకేసేవాళ్ళు. మేస్త్రి ఏమీ మాట్లాడకుండా కాసేపు ఆ సంతోషం విని పెట్టేసేవాడు. ముప్పై నాలుగేళ్ళలో అలా ఎన్ని గొంతులు విన్నాడో! ఇప్పటికీ సాయంత్రం పూట కుర్చీలో కళ్ళు మూసుకుంటే ఆ "హలో"లే వినిపిస్తాయంటాడు.

ఆ పని చేసే మనుషులకి శాఖ ఏం రక్షణ ఇచ్చిందో కూడా చెప్పుకోవాలి. చేతి తొడుగులు ఇవ్వలేదు. ముక్కుకి అడ్డం ఇవ్వలేదు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి సబ్బు ముక్క ఇవ్వలేదు. మనిషికి రోజూ ఒక సీసా పాలు ఇచ్చింది. ఒంట్లో చేరిన సీసపు విషాన్ని పాలు కడిగేస్తాయట. ఎవరు చెప్పారో, ఎక్కడ రాసి ఉందో ఎవరూ అడగలేదు. జట్టు వాళ్ళు ఆ పాలని టీలో పోసుకుని తాగేవాళ్ళు. రేడియో అయితే, "గవర్నమెంటు మన పేగులు తోమిస్తోందిరా" అని రెండో గ్లాసు కూడా పట్టించేవాడు.

* * *

జబ్బు ఎప్పుడు మొదలైందంటే మేస్త్రి చెప్పలేడు. రిటైరైన రెండో ఏట కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. పేగుల్ని ఎవరో పట్టుకుని తడిబట్టలా పిండుతున్నట్టు ఉండేది. నాలుగైదు రోజులు విరేచనం ఉండేది కాదు. మొదటి డాక్టరు గ్యాస్ అన్నాడు. రెండో డాక్టరు అల్సర్ అన్నాడు. మూడో ఆయన కడుపు కోసి అపెండిక్స్ తీసేశాడు. అపెండిక్స్ పోయింది, నొప్పి ఉంది. నాలుగో ఆయన రక్తం తక్కువ అని టానిక్ రాశాడు. అయిదో ఆయన, "పెద్దాయనా, పనీపాటా లేక కూర్చుంటే ఇలాగే ఆలోచనలొస్తాయి" అని నిద్రమాత్రలు ఇచ్చాడు.

ఈలోపు మనిషి మారిపోయాడు. ఏ గోతిలో ఏ జత తీగ ఏ వీధికి పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాడు, తాళంచెవి చేతిలో పెట్టుకుని తాళంచెవి వెతికేవాడు. జీవితంలో గొంతు పెంచనివాడు చెంచా కింద పడిందని పెళ్ళాం మీద అరిచేవాడు. "నేను చేసుకున్న మనిషి వేరు, ఈ ఇంట్లో తిరిగే మనిషి వేరు" అని ఆవిడ చెల్లెలితో ఫోన్లో చెప్పుకుని ఏడ్చేది. చివరికి ఒక ఉదయం కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. వేళ్ళు పట్టు పడుతున్నాయి గానీ మణికట్టు పైకి లేవదు. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి పావుగంట. టంకం కడ్డీ అటక మీదకి ఎక్కింది. కారే గిన్నెలు కారుతూనే తిరిగి వెళ్ళాయి. నొప్పికి ఏడవని మనిషి, ఎదురింటావిడ పట్టుకొచ్చిన కెటిల్‌ని వెనక్కి పంపిన రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆరో డాక్టరు పక్క వీధిలో కొత్తగా తెరిచిన ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంది. చిన్న వయసు. ఆయన కడుపు నొక్కి, వేలాడే చెయ్యి చూసి, కాగితం పక్కన పెట్టి అడిగింది.

"ఏం పని చేసేవారు?"

"రిటైరయ్యానమ్మా."

"అది సరే. అవకముందు?"

"టెలిఫోన్ శాఖ."

"టెలిఫోన్ శాఖలో కుర్చీలో కూర్చునేవాళ్ళూ ఉంటారు, స్తంభాలు ఎక్కేవాళ్ళూ ఉంటారు. మీరు ఈ చేతులతో ఏం చేసేవారు?"

నాలుగేళ్ళలో అయిదుగురు డాక్టర్లు ఆయన ఏం తిన్నాడో అడిగారు, ఏం తాగాడో అడిగారు, సిగరెట్టు కాలుస్తాడా అని అడిగారు. చేతులతో ఏం చేశాడని అడిగినవాడు లేడు. రిటైరయ్యాననగానే పనీ పోయింది, పని తెచ్చిన జబ్బూ పోయిందనుకున్నారు. కష్టజీవి ఒంటిని చూసే డాక్టరు ముందు ఆ కష్టమేమిటో అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకి యంత్రం అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

మేస్త్రి చెప్పడం మొదలుపెట్టాడు. గీకుడు కత్తి, గొట్టాలు, గుడ్డ, గరిటె. మూడేళ్ళుగా పదిమాటలు కలిపి మాట్లాడని మొగుడు ఆగకుండా మాట్లాడుతుంటే పెళ్ళాం నోరు తెరుచుకుని చూసింది. డాక్టరమ్మ ఆయన పై పెదవి ఎత్తి టార్చి వేసింది. చిగుళ్ళ అంచు వెంబడి పెన్సిలుతో గీసినట్టు నీలం కలిసిన నల్లటి గీత ఉంది.

"అయ్యో, అది జబ్బా?" అంది పెళ్ళాం. "నేను రోజూ చూస్తూనే ఉన్నా. ఈయనకి పళ్ళు తోముకోవడం రాదనుకున్నా."

రక్తం తీశారు. ఒక చుక్క అద్దపు ముక్క మీద పూసి చూస్తే ఎర్రకణాల్లో నీలిరంగు చుక్కలు చల్లినట్టు కనిపించాయి. మిగతాది పెద్ద ల్యాబుకి పంపించారు. వారం తర్వాత వచ్చిన కాగితం మీద డెబ్బై ఎనిమిది అని ఉంది.

"అయిదు దాటితేనే మేం కంగారుపడతాం" అంది డాక్టరమ్మ. "ఇది సీసం మేస్త్రిగారూ. ఒంటికి సీసానికీ సున్నానికీ తేడా తెలీదు. సున్నమనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం బయటికి వదులుతుంది. అది పేగుల్ని పిండుతుంది, రక్తం తగ్గిస్తుంది, నరాలు పట్టేస్తుంది. మనిషికి విసుగూ మతిమరుపూ తెస్తుంది."

పెళ్ళాం చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "అంటే అరిచింది ఈయన కాదన్నమాట."

"సగం సీసం అరిచింది. మిగతా సగం సంగతి మీరే చూసుకోవాలి."

"ఇప్పుడు ఇంట్లో సీసం పని ఏమైనా చేస్తున్నారా?" అని కూడా అడిగింది డాక్టరమ్మ. లేదన్నాడు మేస్త్రి. అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో సీసం పని అంటే గోతిలోది, శాఖది. చుట్టుపక్కలవాళ్ళ గిన్నెలకి మాటు వేయడం పని కాదు, సాయం. పైగా కేబుల్ వాళ్ళందరికీ ఒక నమ్మకం ఉండేది. సీసం పొగగా ఉంటే చెడ్డది, పొట్టుగా ఉంటే చెడ్డది, గట్టిపడ్డాక రాయితో సమానమని.

అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైన్‌లో మందు ఎక్కించారు. రక్తంలో సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి ఈడ్చుకుపోయే మందు. తర్వాత పంతొమ్మిది రోజులు గొట్టం మాత్రలు. ఆ డబ్బా మూత తీస్తే కుళ్ళిన గుడ్ల వాసన. "ఇంట్లో కోళ్ళఫారం పెట్టారా?" అని పక్కింటివాళ్ళు అడిగారు. చేతికి బద్ద కట్టారు. రోజూ మణికట్టు మీద చెంచా పెట్టుకుని పైకి లేపే కసరత్తు ఇచ్చారు. ఒక అంగుళం లేస్తే ఆ రోజు పండగ. రక్తంలో అంకె ఇరవై తొమ్మిదికి దిగింది. కడుపునొప్పి తగ్గింది. మేస్త్రి పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచాడు. పిలిచి చాలా ఏళ్ళయింది. ఆవిడ ఏమిటీ అని కసురుతూనే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

ఆరు వారాల తర్వాత అంకె అరవై ఆరు.

* * *

డాక్టరమ్మ ఆ కాగితాన్ని పాత కాగితం పక్కన పెట్టి చూసింది.

"ఎముకల్లోంచి కొంత తిరిగి వస్తుంది, నిజమే. కానీ ఇంత రాదు. మేస్త్రిగారూ, మీరు ఇంకా ఎక్కడో సీసం తింటున్నారు. అది దొరికేదాకా నేను మళ్ళీ మందివ్వను. విషం తాగుతూ మందు మింగితే ఆ మందే దాన్ని ఇంకా లోపలికి లాగొచ్చు. మొదటి వైద్యం దూరంగా ఉండటం. మిగతావన్నీ దాని తర్వాత."

పెళ్ళానికీ రక్తం పరీక్ష చేయించింది. ఆవిడకి మూడు. ఒకే ఇల్లు, ఒకే భోజనం, ఒకే నీళ్ళు. "అయితే ఆయన ఒక్కరే వాడేదీ, మీరు ముట్టనిదీ ఏదో ఉంది. ఏమిటది?"

ఆవిడ ఆలోచించడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "గోతి టీ" అంది.

గోతి టీ అంటే జట్టువాళ్ళ టీ. నలుగురికీ కలిపి ఒక రాగి కెటిల్ ఉండేది. ఒక చలికాలం దాని కొమ్ము ఊడితే, కేబుల్ అతుకులో మిగిలిన లోహంతో మేస్త్రి దాన్ని తుడిచి అతికాడు. గోతి పక్కన నిలబడి చూసిన సూపర్‌వైజరు సైతం, "దీన్ని భూమిలో పూడ్చడం లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరు చూసేవారు?" అన్నాడు. నిజం కూడా అదే. మేస్త్రి చేసిన వేల అతుకులు మట్టి కింద ఉన్నాయి. ఆ తుడుపు అతుకుల్లో మనుషుల కళ్ళకి కనబడేది అదొక్కటే. సీసపు కేబుళ్ళు పోయి ప్లాస్టిక్‌వి వచ్చి, జట్టుని నాలుగు చోట్లకి విడగొట్టిన రోజు, రేడియో ఆ కెటిల్‌ని మేస్త్రి చేతిలో పెట్టి మొదటిసారి మాట్లాడలేకపోయాడు. అప్పటినుంచీ ఆయన ప్రతి ఉదయం అందులో నిమ్మరసం పిండిన నల్ల టీ కాచుకుని, దాన్ని సన్న సెగ మీదే ఉంచి, సాయంత్రం దాకా గ్లాసు తర్వాత గ్లాసు తాగేవాడు. తాగినంతసేపూ ఆయన ఈ గదిలో ఉండేవాడు కాదు. ఎర్రగుడ్డ కట్టిన గోతిలో, ఆ ముగ్గురితో ఉండేవాడు. జబ్బుపడ్డాక ఆ టీ ఇంకా ఎక్కువైంది. అదే ఓదార్పు మరి.

మర్నాడు పెళ్ళాం కెటిల్‌ని సంచిలో పెట్టుకుని మేస్త్రితో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ టార్చి వేసి లోపలికి చూసింది. బయట కోడిగుడ్డులా ఉన్న అతుకు, లోపల కొమ్ము మొదట్లో బూడిదరంగు నాలుకలా అంగుళం పొడవున దిగి ఉంది. పులుపు తిని తిని అది గుంటలు పడింది. అడుగున మిగిలిన టీని ల్యాబుకి పంపితే, తర్వాత వచ్చిన అంకె చూసి ల్యాబువాళ్ళు ఫోన్ చేసి మరీ అడిగారట, అది ఏ ఫ్యాక్టరీ నీళ్ళని.

"ఇలాంటి అతుకులు ఇంకెవరికైనా వేసిచ్చారా?" అడిగింది డాక్టరమ్మ.

మేస్త్రి ఎడమచేతి వేళ్ళు మడుస్తూ ఇళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఎవరికి వేయలేదో అడగండి డాక్టరమ్మా, త్వరగా తేలుతుంది" అంది పెళ్ళాం.

"అయితే మీరే వెళ్ళి చెప్పాలి. నేను చెబితే భయపడతారు, మీరు చెబితే నమ్ముతారు. గర్భంతో ఉన్నవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళండి. ఇవాళే."

కింది అంతస్తులో బట్టలు కుట్టే అమ్మాయి మేస్త్రికి చప్పున గుర్తొచ్చింది. అయిదో నెల. తల్లీ తండ్రీ లేరు. మేస్త్రిని బాబాయ్ అని పిలుస్తుంది, పెళ్ళాన్ని పిన్నీ అంటుంది. నిరుడు ఆమె కెటిల్ అడుగు ఊడితే అతికిచ్చింది మేస్త్రే. వేవిళ్ళ రోజుల్లో, "బాబాయ్, మీలాగా నిమ్మకాయ టీ తాగితేనే కడుపులో నిలుస్తోంది" అని మెట్ల దగ్గర నవ్వుతూ చెప్పింది కూడా.

* * *

ఆయనకి ఏం మిగిలిందో చూడండి. ఉద్యోగం పోయింది. జట్టు చెదిరిపోయింది. జీవితకాలపు పనితనం ఎవరికీ పనికిరాక మట్టిలో ఉంది, ఇప్పుడు మాట గాలిలోనే పోతోంది. మిగిలిందల్లా మేస్త్రి చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదు అనే పేరు. ఆ పేరుని తన నోటితో తనే తుడిచేసుకోవాలి.

తుడిచాడు. సాయంత్రమే పై అంతస్తు నుంచి మొదలుపెట్టాడు. ఒక ఇంటాయన ఛాతీ చరుచుకుని, "పన్నెండేళ్ళుగా మీ గిన్నెలోనే తాగుతున్నా, గుండులా ఉన్నా" అన్నాడు. "నేనూ పదేళ్ళ క్రితం అలాగే ఉన్నాను" అని బద్ద కట్టిన చెయ్యి చూపించాడు మేస్త్రి. ఆయన లోపలికెళ్ళి గిన్నె తెచ్చి ఇచ్చాడు. ఎదురింటావిడ, "ఊరికే వస్తే ఇలాగే ఉంటుంది మరి" అని లోపలివాళ్ళతో ఆయనకి వినబడేలా అంది. ఇంకో ఇంట్లో ఏమీ అనకుండా గిన్నె గుమ్మం బయట పెట్టి తలుపేసుకున్నారు. అన్నింటికంటే అదే గుచ్చుకుంది.

రెండో రోజు రేడియో ఇంటికి వెళ్ళాడు. రేడియో అంతా విని, "మన అతుకులా?" అన్నాడు. మళ్ళీ, "మన అతుకులేనా?" అన్నాడు. తర్వాత, "నాకూ రెండేళ్ళుగా కడుపునొప్పిరా. గ్యాస్ అన్నారు" అన్నాడు. మర్నాడే పరీక్షకి రక్తం ఇచ్చాడు.

మూడో రోజు సాయంత్రం పెళ్ళాం గుమ్మంలో అడ్డం నిలబడింది.

"పైన అన్ని గుమ్మాలూ ఎక్కారు. రెండు వీధులు దాటి రేడియో ఇంటికి వెళ్ళారు. కింద పదహారు మెట్లు దిగడానికి కాళ్ళు రావడం లేదా? నన్ను వెళ్ళి చెప్పమంటారా?"

"వద్దు" అన్నాడు మేస్త్రి.

"అయితే కదలండి. అవతల ఆ పిల్ల రోజుకి నాలుగుసార్లు తాగుతోంది."

మెట్లు దిగాడు. తలుపు తీసే ఉంది. అమ్మాయి కుట్టుమిషను ముందు కూర్చుని, పళ్ళతో దారం తెంపుతూ, "రండి బాబాయ్, చెయ్యి ఎలా ఉంది?" అంది. పక్కన స్టూలు మీద కెటిల్, సగం తాగిన గ్లాసు ఉన్నాయి. మేస్త్రి ఆ గ్లాసు తీసుకుని, సింకు దగ్గరికి వెళ్ళి పారబోశాడు. కెటిల్ కూడా వంపేశాడు. ఎడమచేత్తో కావడంతో నీళ్ళు చొక్కా మీద చిందాయి.

"అదేంటి బాబాయ్?"

నిలబడే చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. అతుకులో ఏముందో చెప్పాడు, అది పులుపులో కరుగుతుందని చెప్పాడు, తల్లి రక్తంలోంచి బిడ్డకి పోతుందని చెప్పాడు. చివరికి, తను చెప్పకపోతే ఆమెకి తెలియనిదాన్ని కూడా చెప్పాడు.

"నాకు తెలిసి ఇది మూడో రోజు తల్లీ. నీ దగ్గరికే ముందు వెళ్ళమంది డాక్టరమ్మ. నాకు మొహం చెల్లలేదు."

ఆ అమ్మాయి దారపు కండె గట్టిగా పట్టుకుంది.

"ఆ మూడు రోజులూ నేను అందులోనే తాగాను" అంది. "నిన్న మీరు మెట్ల మీద కనపడ్డారు. టీ తాగి వెళ్ళండి అన్నాను. పనుందన్నారు."

"అవును."

"వెళ్ళండి బాబాయ్. ఇప్పుడు నాతో ఏం మాట్లాడకండి."

మర్నాడు మొగుడితో కలిసి ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చిందని పెళ్ళాం ద్వారా తెలిసింది. ఫలితానికి వారం. ఆ వారం మేస్త్రి మెట్లు దిగినప్పుడల్లా కింది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మిషను చప్పుడు వినిపించేది, ఆగేది, మళ్ళీ వినిపించేది.

చేతులు ముడుచుకుని కూర్చోలేక ఆయన రేడియోతో కలిసి శాఖ ఆఫీసుకి వెళ్ళాడు. రేడియో అంకె యాభై నాలుగు. పాత జట్లలో బతికున్న ముప్పై ఒక్కమందికీ రక్తపరీక్ష చేయించమని అర్జీ రాసిచ్చారు. కిటికీ వెనక గుమాస్తా కాగితం తిప్పి చూసి, "సీసపు కేబుళ్ళు వాడటం ఎప్పుడో మానేశాంగా, ఇక సమస్య ఎక్కడుంది?" అన్నాడు. "కేబుల్ మానేశారు బాబూ, మా ఒళ్ళు మానలేదు" అన్నాడు రేడియో. "ఎముకల్లో ఉందయ్యా. తీసి చూపించమంటావా?" ముద్ర వేసిన నకలు చేతిలో పడేదాకా ఇద్దరూ కిటికీ వదల్లేదు. ఆ అర్జీ ఇంకా నడుస్తోంది. ఈలోగా డాక్టరమ్మ దగ్గరే పదకొండు మంది చేయించుకున్నారు. ఏడుగురికి మందు పడింది. గ్యాస్ అనో వయసు అనో నమ్మి మంచంలో పడి ఉన్న ఏడుగురు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మేస్త్రి కిటికీ దగ్గర కూర్చుని చెంచా కసరత్తు చేస్తున్నాడు. తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో గోడకి ఆనుకుంది. పెళ్ళాం కుర్చీ లాగింది. కూర్చోలేదు.

"ఇది చదివి చెప్పండి. ఈ ఇంగ్లీషు అంకెల గొడవ మా ఆయనకి అర్థం కాలేదు. డాక్టరమ్మ చెప్పింది గానీ, కంగారులో సగం వినలేదు."

కాగితం మేస్త్రి వైపు చాచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆ గడులన్నీ దాటుకుని, ఈ ఏడాదిలో తనకి బాగా అలవాటైన గడి దగ్గర వేలు ఆపాడు.

"తొమ్మిది."

"అంటే?"

ఊరడించాలని మాట పెదాల దాకా వచ్చింది. మింగేశాడు. "ఉండకూడనిది ఉంది. అయిదు లోపు ఉండాలి. కానీ మందు వేసేంత కాదు. ఆ కెటిల్ మానేశావు కాబట్టి దిగుతుంది. సున్నం మాత్రలు, ఐరన్ మాత్రలు రాసింది చూడు, ఒక్క పూట కూడా మానకు. నెలకోసారి రక్తం ఇవ్వాలి. పుట్టాక బిడ్డకీ చూస్తారు."

"బిడ్డకి ఏమీ కాదని చెప్పరేం?"

"ఆ మాట చెప్పే చదువు నాది కాదమ్మా. నీతో పాటు నెలనెలా నేనూ వస్తాను. ఆ వరసలో నేనూ ఉన్నానుగా."

ఆ అమ్మాయి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. కోపం పోయిందని చెప్పలేం. దాన్ని కాసేపు పక్కన పెట్టినట్టు మాత్రం ఉంది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అంది.

"మిషను పెడల్ వదులైంది. మూడు రోజులుగా టకటకా కొట్టుకుంటోంది, తల పగిలిపోతోంది. మా ఆయనకి స్క్రూ డ్రైవర్ ఎటు పట్టుకోవాలో తెలీదు. వచ్చి బిగిస్తారా? బిగించడం మాత్రమే. ఏదీ అతకొద్దు."

"అతకను" అన్నాడు మేస్త్రి.

పెళ్ళాం స్క్రూ డ్రైవర్ అందించింది. ఆయన బద్ద విప్పి కుర్చీ మీద పెట్టి ఆమె వెనకే పదహారు మెట్లూ దిగాడు. మిషను కింద చతికిలబడ్డాడు. అమ్మాయి టార్చి పట్టుకుంది. స్క్రూ తలలో మొన పెట్టి, కుడి మణికట్టు కింద ఎడమచెయ్యి ఆనించి, తిప్పాడు. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది.

"వెలుతురు ఇంకొంచెం ఎడమకి పెట్టు" అన్నాడు.

ఆమె పెట్టింది.